పిడి మీద బొటనవేలి సొట్ట

మా ఆయన దినాలు అయిపోయిన మర్నాడు మా మామ నాతో మాట్లాడిన మొదటి మాట మగ్గం గురించే.

"బిడ్డా, చీర సగంల ఉన్నది. అది నేసి దించు. తర్వాత మగ్గం ఇప్పుదాం. ఎవలో కొంటమని అడుగుతున్నరు."

సరే అన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరే అనేదాన్ని. భువనగిరి జిల్లా అయిన కొత్తల్లో సంగతి ఇది. ఛాతీలో నొప్పి అంటూ మగ్గం గుంతలోంచి లేచిన మనిషి దవాఖాన గేటు దాటకముందే పోయాడు. నాకు ఏడుపు రాలేదు. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి, "ఏడ్వు బిడ్డా, కడుపుల వెట్టుకోకు" అని వీపు నిమిరేవాళ్లు. ఏడుపును అల్మారాలో దాచిపెట్టానా, తీసి చూపించడానికి? ఒళ్లు మండేది. అదీ కాసేపే. తర్వాత మళ్లీ ఏమీ ఉండేది కాదు. పచ్చి మిరపకాయ తొక్కు తిన్నా కారం తెలిసేది కాదు.

చీర దించడానికి మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పడుగు, అంటే నిలువు దారాలు, దువ్వెనలాంటి అచ్చులోంచి దూరి నేతకు వస్తాయి. పడుగులో చివరి చీరను అచ్చుకు ఇవతలే, నేసేవాళ్ల వైపే కోసి, జానెడు పాత దారాలను అచ్చులో వేలాడనిస్తాం. కొత్త పడుగు వచ్చాక ఒక్కో కొత్త దారాన్నీ ఆ పాత కొసకు మెలిపెట్టి అతుకుతాం. పని నడిచే ఇంట్లో మగ్గం ఎప్పుడూ ఖాళీ కాదు. మగ్గం విప్పేసేవాళ్లు మాత్రం అచ్చుకు అవతల కోసి, దారాలన్నీ లాగేస్తారు. మామ చెప్పింది అదే.

నేయడం నాకు ఆయనే నేర్పాడు. కానీ మగ్గం ఆయనది. నాది చిటికి కట్టే పని, అంటే రంగు అంటకూడని చోట నూలుకు రబ్బరు పట్టీలు బిగించి కట్టడం. రంగులో ముంచి ఆరబెట్టాక ఆ కట్లను కోసేది ఆయన కత్తి. చీరను మగ్గం మీంచి కోసేదీ అదే. మిగిలిన సగం నేనే నేశాను. అచ్చుతో కొట్టే దెబ్బ ఆయనది గట్టిది, నాది మెత్తన. ఆయన ఎక్కడ ఆపాడో, నేను ఎక్కడ మొదలుపెట్టానో బట్ట మీద వేలు పెట్టి చెప్పొచ్చు. చూశాను. ఏమీ అనిపించలేదు.

చీర అయిపోయిన రోజు కోద్దామని కత్తి తీస్తే పిడి ఊగింది. ఒకవైపు చెక్క నిలువునా పగిలి, రివిట్టు వదులైంది.

"కత్తెర తెస్త ఉండు" అన్నాడు మామ.

"వద్దు మామా. కత్తే బాగ చేస్త."

ఎందుకన్నానో నాకే తెలియదు. చేతులకు ఏదో ఒక పని కావాలనిపించి ఉంటుంది.

పాత రివిట్ల తలలు ఆకురాయితో అరగదీసి, మేకు పెట్టి కొట్టి బయటికి తోశాను. చెక్కలు రెండూ ఊడివచ్చాయి. లోపలి ఇనుము మీద తుప్పు, నీలి రంగు మరకలు. పగలని చెక్క మీద ఆయన బొటనవేలు ఆనేచోట నున్నటి సొట్ట ఉంది. వడ్రంగం చేసే వడ్లాయనను అడిగి తుమ్మ చెక్క ముక్క తెచ్చాను. పాత చెక్కలను దాని మీద పెట్టి గీసి, కోసి, ఇనుముకు ఉన్న రంధ్రాల్లోంచే బెజ్జాలు వేశాను. ఇత్తడి కడ్డీ దూర్చి తల కొట్టేటప్పుడు తొందరపడితే ఒక చెక్క చిట్లింది. మళ్లీ కోశాను. ఈసారి చిన్న సుత్తితో చుట్టూ తిప్పుతూ మెల్లగా కొట్టాను. కడ్డీ తల విచ్చుకుని చెక్కను బిగించి పట్టింది. నున్నగా రుద్ది ఆముదం పట్టించాను. తర్వాత పాత చెక్కను పక్కన పెట్టుకుని ఆ సొట్టను కూడా తీశాను. అంతే లోతు, అంతే వాలు. చాలా బాగా కుదిరింది.

మామ చేతికిచ్చాను. ఆయనకు చూపు తగ్గింది, ఏదైనా వేళ్లతోనే చూస్తాడు. చెక్కలు తడిమాడు, రివిట్లు తడిమాడు. బొటనవేలు సొట్టలో పెట్టి చాలాసేపు తీయలేదు.

"బిడ్డా, గీ సొట్ట ఎవలికోసం దీసినవు?"

కత్తి తీసుకుని పట్టుకుని చూశాను. నా చేయి చిన్నది. బొటనవేలు సొట్టదాకా అందలేదు. అందాలని చేయి ముందుకు జరిపితే చూపుడువేలు పదును మీదికి పోతోంది. ఇంత కష్టపడి నేను తయారుచేసిన పిడి ఆయన ఒక్కడి చేతికే సరిపోతుంది. ఆ చేయి ఇక లేదు. దవాఖాన ముందు తెలియలేదు, పాడె లేచినప్పుడు తెలియలేదు, వాకిట్లో ఆకురాయి పక్కన పెట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది. అప్పుడు ఏడ్చాను. కొడుకును పోగొట్టుకున్న మామ నా పక్కన కూర్చున్నాడు. వీపు నిమరలేదు, మంచిపని చేశాడు.

ఏడుపు ఆగాక సొట్ట చుట్టూ ఉన్న చెక్కను అరగదీసి చదును చేశాను. పిడి సన్నబడి నా గుప్పిట్లో ఇమిడింది.

మగ్గం గుంతలో దిగి కూర్చున్నాను. మామ అవతల నిలబడి, కోయగానే దారాలు లాగడానికి చేతులు చాపాడు. నేను అచ్చుకు ఇవతల కత్తి పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచుదాకా కోశాను. చీర నా ఒళ్లో పడింది.

మామ వేళ్లు అచ్చు మీద వెతికాయి. కొసలు తగిలాయి. ఈ పడుగు మగ్గానికి ఎక్కినప్పుడు ఆయన కొడుకు అతికిన దారాలే అవి.

"ఇవతల కోసినవా?"

"ఇవతల్నే కోసిన మామా. గా అడిగినోళ్లకు మగ్గం ఇచ్చేది లేదని చెప్పు."

మామ ఆ చేతులతోనే వేలాడే దారాలను గుప్పెడు గుప్పెడుగా పట్టి, అచ్చులోంచి జారిపోకుండా ముడులు వేయడం మొదలుపెట్టాడు.