పెదనాన్న కుక్కకు నేను చేసిన వైద్యం

ఒక్క ఫోన్ కాల్‌తో కాన్సర్‌ని పాలకొల్లు పొలిమేరలు దాటించిన ఘనుణ్ణి నేనే. ఆ ఘనకార్యం నన్నెలా ముంచిందో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

అప్పట్లో రాజమండ్రిలో పరిశోధన చేస్తున్నాను. కణితిని పెంచే జన్యువు నోరు నొక్కేస్తే ఎలుకల్లో మేం పెట్టిన కణితి ఎదుగుదల తగ్గుతుందా అన్నది మా ప్రశ్న. ఆ ఉదయం మందు వేసిన ఎలుకల్ని కొలుద్దామని పట్టుకుంటే, ఒక్కదానికీ కణితి లేదు! తడిమాను, తిప్పి చూశాను. పెళ్లికొడుకు బుగ్గలా నున్నగా ఉన్నాయి. ముందు మా మేడమ్‌కి చెప్పాలన్న ఇంగితం ఉండాలా? తిన్నగా పాలకొల్లులో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, కణితి మాయమైపోయిందే!"

"ఎవరికిరా?"

"ఎలుకలకి!"

"ఎవరికైతే ఏంటి, పోయిందిగా!" అని పెట్టేసింది.

అమ్మ నోరు నొక్కే మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మధ్యాహ్నానికల్లా పెదనాన్న మా ల్యాబు ముందు కారు దిగారు, చంకలో కుక్కతో. దాని డొక్క మీద నిమ్మకాయంత గడ్డ.

"మా రాజుగాడికి కూడా ఓ డోసు వేసెయ్యరా శ్రీనూ."

నవ్వబోయి ఆగిపోయాను. ఆయన చెయ్యి ఆ గడ్డ మీంచి కదలడం లేదు.

అంతలో మేడమ్ వచ్చారు. ఆవిడ పశువైద్యం చదివిన మనిషి. సంగతంతా విని, ఎలుకల గదిలోకి వెళ్లొచ్చారు.

"శ్రీనూ, నువ్వు చూసినవి ఏ ఎలుకలు?"

"మందు వేసినవేనండి."

"చెవి గుర్తులు చూశావా? వాటికసలు కణితే పెట్టలేదు. పంజరాలు కడిగి అటువి ఇటు పెట్టిందెవరు?"

"నేనేనండి."

ఖాళీ పంజరం దొరికితే అందులో దూరేవాణ్ణి. పెదనాన్న కుక్కను ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నారు. అదే ఎక్కువ బాధేసింది.

మేడమ్ కుక్కను బల్ల మీద పడుకోబెట్టి, నన్ను తల పట్టుకోమన్నారు. గడ్డలోంచి సూదితో కాస్త తీసి, మైక్రోస్కోపులో చూశారు.

"కొవ్వు గడ్డండి, కాన్సర్ కాదు. దీనికే మందూ అక్కర్లేదు. నెయ్యి అన్నం తగ్గించండి చాలు."

పెదనాన్న కళ్లు తుడుచుకుని, దాని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నారు.

సాయంత్రం మందు వేసిన అసలు ఎలుకల్ని కొలిచాం. కణితులు మాయం కాలేదు గానీ, మందు పడనివాటికంటే చిన్నగా ఉన్నాయి. మేడమ్ మొహం వెలిగింది. ఈసారి అమ్మకు ఫోన్ చేయలేదు. తనే చేసింది.

"మీ పెదనాన్న ఊరంతా చెప్తున్నారురా! నువ్వలా తల పట్టుకున్నావో లేదో, కుక్కకి కాన్సర్ పోయిందంట కదా! మొగల్తూరులో ఎవరో గేదెను వ్యానెక్కించారంట, ల్యాబులోనే ఉండు!"

సమస్త మూషికాల సాక్షిగా ఆ క్షణమే ప్రమాణం చేశాను. ఇకపై పరిశోధన ఎలా ఉందని ఇంట్లో ఎవరడిగినా, "బాగానే ఉంది" అన్న ముక్క తప్ప నా నోట మరోటి రాదు.