పసుపు చాలకపోతే

అచ్చాఫీసులో ఆమెను అందరూ నల్లతెర అక్క అంటారు. మిగతావాళ్లంతా బొమ్మల మీద నొక్కుతూ కంప్యూటర్ నడిపితే, ఆమె మాత్రం నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేసి నడుపుతుంది. రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, ఆ ప్రెస్సులో అచ్చయ్యే బడి పుస్తకాల ఫైళ్లన్నీ బారులు తీరతాయి. ఫోల్డర్లు నీలం, బొమ్మలు గులాబీ, కట్టగట్టి దాచిన పాత పుస్తకాలు ఎరుపు. ఏది ఎక్కడుందో పేరు చదవకుండానే, రంగు చూసి చెప్పేసేది. ప్రూఫులు దిద్దడానికి చేరిన మనిషి, ఎవరూ ముట్టుకోవడానికే జంకిన ఆ యంత్రాన్ని పంతం పట్టి నేర్చుకుంది. ఇప్పుడు ఆ కుర్చీలో యజమాని కూర్చున్నా ఊరుకోదు.

ఒకరోజు పొద్దున వస్తూనే రెండక్షరాలు కొట్టింది. గులాబీలు వచ్చాయి, ఎరుపులు వచ్చాయి. మధ్యమధ్యలో ఖాళీలు. ఒక్క ఫోల్డరూ లేదు.

"నా ఫోల్డర్లు చెరిపేసిందెవర్రా!" అని ఆమె వేసిన కేకకు ఫోర్‌మన్ మిషన్ ఆపించాడు. యజమాని పరుగెత్తుకొచ్చాడు. పక్కగదిలో అక్షరాలూ బొమ్మలూ పేర్చి పేజీలు కట్టే అతను వచ్చి, ఆమె భుజం మీదుగా వంగి, తెర మీద వేలు పెట్టి చదివాడు.

"సైన్సు, లెక్కలు, చరిత్ర... అన్నీ ఉన్నాయి కదక్కా!"

అన్నీ ఉన్నాయి. ఆమెకే కనిపించలేదు.

నోరున్న మనిషి కాబట్టి అప్పటికి గట్టెక్కింది. "నలుపు మీద నీలం పెట్టినవాడి చేతులు పడిపోను! అదేమైనా రంగేనా? మనుషులకు కనబడాలనా, గబ్బిలాలకు కనబడాలనా?" అని దులిపేసింది. ఆ ముదురు నీలం ఎవరికైనా చూడటానికి కష్టమే. అవునవునంటూ అందరూ ఎవరి పనికి వాళ్లు పోయారు. ఆమె మాత్రం ఆ పూటంతా తెర వైపు చూడకుండా ప్రూఫులు ముందేసుకుని కూర్చుంది.

ఎందుకంటే కనబడకపోవడం ఆమెకు కొత్త కాదు. పొద్దు వాలితే చాలు, వీధిలో సైకిళ్లు మీదికొచ్చేదాకా తెలియడం లేదు. ఒంటరిగా వెళ్లి కళ్ల డాక్టరుకు చూపించుకుంది. "కంటి లోపలి పొర దెబ్బతింటోందమ్మా. అద్దాలతో పోయేది కాదు. ఆపే మందు కూడా లేదు" అన్నాడాయన. ఎన్నాళ్లు అని అడిగితే చెప్పలేమన్నాడు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ కుర్చీ పోతుంది. పాపం అని జాలిపడుతూనే తీసేస్తారు. ఆ కుర్చీ లేకపోతే తను ఎవరు? ఆమెకున్న దిగులంతా అదే.

ఆమె భర్త బోర్డులు రాసే మనిషి. దుకాణాల పేర్లు, రోడ్డు పక్క హెచ్చరికలు, ఏదైనా సరే, కుంచె పట్టాడంటే అక్షరం లేచి నిలబడాలి. సాయంత్రం అతను కుంచెలు కడుగుతుంటే, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"ఏమండీ, నలుపు మీద ఏ రంగైతే దూరం నుంచి బాగా కనబడుతుంది?"

"ఏంటి, నా పొట్ట కొట్టేలా ఉన్నావే?" అని నవ్వాడు. "పసుపు. అందులో అడగడానికేముంది, కళ్లు మూసుకుని చెప్తా."

మర్నాడు పొద్దున ఎవరూ రాకముందే వెళ్లి, రంగులు రాసుండే ఫైలు తెరిచింది. ఏ రకం ఫైలుకు ఏ రంగో అందులో అంకెల్లో ఉంటుంది. ఫోల్డర్లకు ముప్పై నాలుగు, అంటే నీలం. దాన్ని ముప్పై మూడు చేసింది. అంతే, నీలం పోయి పసుపు వచ్చింది. ఫోల్డర్లన్నీ ఒక్కసారిగా ఎదుటికొచ్చి నిలబడ్డాయి. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఉన్నార్రా మీరంతా" అంది తెరతో, బిడ్డల్ని ఒళ్లోకి తీసుకున్నట్టు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. పసుపూ మాసిపోసాగింది. తెర తుడిచింది, వెలుగు పెంచింది, అక్షరాలు పెద్దవి చేసింది. చివరికి మళ్లీ భర్త దగ్గరికే వెళ్లింది.

"పసుపు కూడా చాలకపోతే ఏం చెయ్యాలండీ?"

అతని కుంచె ఆగింది.

"చాలకపోతే అక్షరానికి కాదు, దాని వెనకాల పుయ్యాలి పసుపు. అక్షరం నల్లగా రాయాలి. అంతకు మించింది లేదు" అన్నాడు. ఎందుకని అడగలేదు. అడగనందుకు ఆమె లోలోపల సంతోషించింది, పిచ్చిది.

ఆ మాట పట్టుకుని వెళ్లి అంకెలు మళ్లీ మార్చింది. పేరు పేరుకీ వెనక పసుపు పట్టీ పడింది. పేజీలు కట్టే అతను చూసి విరగబడి నవ్వాడు. "ఇదేంటక్కా, తెర నిండా టాక్సీల నంబర్ ప్లేట్లు అతికించావు?" అన్నాడు.

"నీకెందుకురా, నా తెర, నా ఇష్టం! పోయి నీ పేజీలు కట్టుకో" అని తరిమేసింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో వింత మొదలైంది. భర్త కనబడిన ప్రతిదానికీ పసుపు పూస్తున్నాడు. గడప అంచుకు ఒక పట్టీ, స్విచ్చుల చుట్టూ ఒక చట్రం, పొయ్యి మీటకు ఒక చుక్క, నీళ్ల మగ్గు పిడికి ఒక పూత. ఆమెకు ఒళ్లు మండింది.

"ఇది ఇల్లనుకున్నారా, లారీ వెనకభాగమనుకున్నారా?"

"మిగిలిన రంగు, పారబోయమంటావా?" అన్నాడు తల ఎత్తకుండా.

పాత సంవత్సరం ఫోల్డర్లు తీసేయాల్సిన రోజొచ్చింది. అప్పుడు మిట్టమధ్యాహ్నం. కిటికీలోంచి బోలెడు వెలుగు పడుతోంది. ఆమె రెండక్షరాలు కొట్టింది. పసుపు పట్టీలు ఉన్నాయో లేవో తెలియని మసక. కళ్లు నులుముకుంది, తెరకు ముక్కు ఆనించింది. వేళ్లు తమంతట తామే చెరిపే ఆదేశం టైపు చేశాయి, పాత అలవాటు కదా. ఎంటర్ మీద వేలు ఆగిపోయింది. టైపు చేసింది పాతదాని పేరో, ఈ ఏడు పిల్లలకు వెళ్లాల్సిన పుస్తకం పేరో తెలియడం లేదు. నొక్కితే పోయింది తిరిగి రాదు. పక్కగదివాణ్ణి పిలిచి చదవమంటే తన గుట్టు బయటపడుతుంది. ఆ వేలు ఎంతసేపు గాల్లో నిలబడిందో, అలాంటి అవస్థ పగవాడికి కూడా వద్దు. చివరికి చెయ్యి వెనక్కి తీసుకుని, తల పగిలిపోతోందని ఫోర్‌మన్‌కి చెప్పి, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

ఇంటికొచ్చేసరికి భర్త పెరటి మెట్ల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. మనిషి ఆకారం తెలిసింది. చేతిలో కుంచె ఉన్నట్టుంది. మెట్టుకీ పూస్తున్నాడన్నమాట. ఎప్పుడూ తిడుతూనే ఉన్నాను, ఇవాళైనా ఒక మంచి మాట అందామనుకుంది. పైగా తనకేమీ కాలేదని అతనికీ, తనకూ చెప్పుకోవాలనిపించింది.

"బాగుందండీ. ఎంత బాగా కనబడుతోందో! మెట్టు అంచు మెరిసిపోతోంది" అంది.

అతను కుంచె పక్కన పెట్టాడు.

"ఇంకా డబ్బా మూతే తియ్యలేదే" అన్నాడు మెల్లగా.

ఆమె ఉన్నచోటే చతికిలపడింది. అతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"పసుపు చాలకపోతే అన్నావు చూడు, ఆ రోజు నుంచి. కళ్లు బాగున్నవాళ్లెవరూ పసుపు చాలలేదనరు."

ఆమె ఇన్నాళ్లూ బిగబట్టిందంతా బద్దలైంది. వీధిలోకి వినబడుతుందన్న ఇంగితం కూడా లేకుండా ఏడ్చింది. "నా కుర్చీ పోతుందండీ... నా ఫోల్డర్లు నాకు కనబడటం లేదండీ..." అదే మాట మళ్లీ మళ్లీ. అతను ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని అలాగే ఉన్నాడు.

ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక, రంగు మరకల వాసన వేసే ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"చెప్పండి. రేపు పొద్దున వెళ్లి ఏ రంగు పెట్టుకోను?"

జీవితమంతా రంగులతో బతికిన మనిషి. అడగడమే ఆలస్యం, టక్కున చెప్పేవాడు. ఈసారి మాత్రం లేచి, డబ్బా మూత తీసి, మెట్టు అంచుకు పసుపు పుయ్యడం మొదలుపెట్టాడు.