పొందూరులో తెల్లబట్టల ఫోటో

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, మాఘమాసంలో, పొందూరులో ఒక ఫ్యామిలీ షూట్ నాకు అప్పగించారు. అప్పటికి శ్రీకాకుళంలోని ఒక స్టూడియోలో సీనియర్ ఫొటోగ్రాఫర్‌ని. ఇంటివాళ్లతో ముందే మాట్లాడి ఎవరేం కట్టుకోవాలో ఖాయం చెయ్యడం ఆ హోదాలో నా పనే. సన్న గళ్లు వద్దంటాం, అవి ఫోటోలో అలల్లా కనిపిస్తాయి. అచ్చ తెలుపైతే అసలే వద్దంటాం. వెలుగు కాస్త ఎక్కువైతే తెలుపు 'కాలిపోతుంది'. నేతా మడతలూ ఏమీ మిగలవు.

ఆ ఇంటి పెద్దకొడుకు సింహాచలం మాత్రం ఫోన్లో ఒకటే మాట చెప్పాడు. "అందరం తెలుపే కడతాం మేడమ్. అన్నీ మాయమ్మ వడికిన నూలుబట్టలే. ఆవిడ మాట కాదననేం."

వాళ్లమ్మ సూరమ్మగారిది ఎనభై దాటిన వయసు. చిన్నప్పటినుంచీ రాట్నం వడికిన మనిషి. నాలుగేళ్ల కిందట చూపు పోయింది, వడకడమూ ఆగిపోయింది.

బట్టలు చూడ్డానికి ముందురోజే వెళ్లాను. ఆవిడ ట్రంకుపెట్టె ముందు కూర్చుని, ఒక్కో బట్టా ఒళ్లో పరుచుకుని, అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చెప్తున్నారు. "ఇది కొండపత్తి. పెద్దోడిది. ఇది గణేశుగాడు పుట్టినేడు వడికినాను, ఆడికియ్యి." గణేశ్ ఆవిడ మనవడు.

"ఒక్కటీ తప్పదు మేడమ్," అంది కోడలు పార్వతి.

నేనూ కళ్లు మూసుకుని రెండు పంచెలు తడిమి చూశాను. నా వేళ్లకు రెండూ ఒకటే. బట్టల తేడాలు పట్టుకోవడమే వృత్తిలో సగం అనుకునేదాన్ని నేను.

పెట్టె ఖాళీ అయ్యాక గణేశ్ భార్య లావణ్య నన్ను పెరట్లోకి పిలిచింది. సూరమ్మగారికి చూపు పోయాక ఆ ఇంటికి వచ్చిన పిల్ల. ఆమె వంతు బట్ట పెట్టెలో లేదు.

"నేను ఫోటోలో నేకపోతే బాగోదేమో కదా మేడమ్?" అంది, నేల చూపులు చూస్తూ.

అదే ఛాయలో షాపు చీర ఒకటి తెచ్చుకోమన్నాను. ఫోటోలో ఎవరికీ తెలియదని భరోసా కూడా ఇచ్చాను. పార్వతి సరేనంది. పెద్దావిడకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే, ఎండ నేరుగా తగలకుండా అందర్నీ వసారాలో నిలబెట్టాను. సూరమ్మగారు కుర్చీలోంచి లేచి, వరసగా అందరి భుజాలూ తడుముకుంటూ వచ్చారు. లావణ్య దగ్గర చెయ్యి ఆగింది.

"ఎవులే నువ్వు?"

"నేనే నాయనమ్మా, లావణ్యని."

"ఇది నా నూలు కాదే."

పార్వతి అందుకుంది. "ఫోటోలో తెలీదని మేడమ్ సెప్పినారత్తా."

"ఫోటోలో తెలీదు. నాకు తెలస్తాది కదా."

నేను తల దించుకున్నాను. ఆవిడ లావణ్య మణికట్టు పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. తలుపు వెనకనుంచి "వద్దు నాయనమ్మా, అది మీది" అన్న మాట వినబడింది. కాసేపటికి ఇద్దరూ బయటికొచ్చారు. సూరమ్మగారి ఒంటిమీది చీర ఇప్పుడు లావణ్య కట్టుకుంది. షాపు చీర ఆవిడ కట్టుకున్నారు.

సింహాచలం ఉండబట్టలేకపోయాడు. "ఏటమ్మా ఇది! వడికినదానివి నువ్వు. నువ్వే కట్టుకోకపోతే ఎలాగ?"

"వడికిన సెయ్యి నాకాడే ఉన్నాది కదరా. ఆ పిల్లకాడ ఏటున్నాది?"

ఆవిడ లావణ్యను తన కుర్చీ పక్కనే నిలబెట్టుకుని, ఇంక తియ్యమన్నారు.

తెలుపు కాలకుండా వెలుగు తగ్గించి వరసగా తీశాను. తెరమీద పెద్దది చేసి చూశాను. రంగు వెయ్యని నూలు కదా, ఒక బట్ట పాలమీగడలా, ఒకటి గోధుమ ఛాయలో, ఒకటి వెన్నెలలా, దేనికదే విడిగా కనబడుతోంది. లావణ్య చీరలో పోగు పోగూ తెలుస్తోంది. ఆమె పక్కన, ఆ నూలంతా వడికిన మనిషి మిల్లు చీరలో, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నా సర్వీసులో అంత నిండైన ఫోటో మరొకటి తియ్యలేదు.

ఆ తర్వాత, అందరం ఒకేలా కట్టుకుంటామని వచ్చిన ఇంటివాళ్లను, అలాంటి బట్ట లేనివాళ్లు ఇంట్లో ఎవరని మొదట అడిగేదాన్ని. వాళ్లతో మాట్లాడాకే మిగతావాళ్ల బట్టలు ఖాయం చేసేదాన్ని.