కాటుక ముందర అనకూడని మాట

యూనివర్సిటీ మా బర్రెల కొట్టం దాకా నడిచి వస్తోందన్న కబురు మొదట తెచ్చినవాడు మా కాక. ఆ రోజుల్లో, అంటే మరీ తాతలనాడు కాదు, అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాకే, చదువనేది పెద్ద గోడల లోపల కొలువుంటుందనీ, మనమే వెళ్ళి దండం పెట్టుకోవాలనీ అనుకునేదాన్ని. (చిన్నప్పుడు జబ్బు మనిషిని కావడంతో నేను బడి గడప తొక్కలేదు. నాయనమ్మ పాలు పితుకుతూ చెప్పిన అక్షరాలే నా చదువు. ఆ దయకు నేటికీ ఆమెను తలచుకోకుండా అన్నం ముట్టను.) సైదాబాద్‌లో ఒక ప్రొఫెసరింటికి పాలు పోసే కాక, బహదూర్‌పురాలో మా ఇంటి ముందు క్యాను దింపీ దింపకముందే, "అమ్మా, యూనివర్సిటోళ్లు దుకాణాలు పెట్టిస్తున్నరంట. సదివే పిల్లలే సేట్లు! వాళ్లల్ల ఒక పిల్ల బర్రెల మెడకు కట్టే బెల్టు చేసిందంట. మన కొట్టంల కట్టి చూస్తదంట" అన్నాడు. నాయనమ్మ పాల చెంబు పక్కన పెట్టింది. "సదువుకునేటోళ్లు దుకాణం పెడితే, దుకాణపోళ్లేం జేయాలెరా? సదువు చెప్పాలెనా?"

వచ్చిన అమ్మాయిని మేము బెల్టక్క అన్నాం. బెల్టు కట్టిన పశువు ఒంటి వేడి, కదలిక ఫోన్లో కనిపిస్తాయి. యూనివర్సిటీ ఆమెకు ఒక గది ఇచ్చింది. నెలాఖరులోగా ఏదైనా పాల కంపెనీ బెల్టును ఒప్పుకుంటే ఆ గది నిలుస్తుంది, లేకపోతే ఖాళీ చేయాలి. ఈ సంగతి మొదటి రోజే నా దగ్గర దాచకుండా చెప్పింది. పంతొమ్మిదేళ్ళ నాకు బెల్టులు కట్టి ఫోను చూసే పని ఇచ్చింది. నా జీవితంలో మొదటి ఉద్యోగం! "ఎన్ని తలకాయలున్నయి చెల్లె?" అంటే, "తొమ్మిది అక్కా" అన్నాను ఠక్కున. ఊపిరి పీల్చేవి ఎనిమిదే. తొమ్మిదోది కాటుక అనే బర్రెకు పుట్టిన దుడ్డె. అది నాలుగోనాడే పోయింది. దాని తోలులో ఎండుగడ్డి కుక్కి, కుట్టి, తల్లి ముందు నిలబెట్టాం. దాన్ని నాకుతూ ఉంటేనే కాటుక పాలు చేపేది. మా ఇంట్లో అలాంటి దుడ్డెను లెక్కలోంచి తీయరు. అది పోయిందన్న మాట కొట్టంలో ఎత్తరు, తల్లి వింటుందని. అందుకే తొమ్మిదో బెల్టు దానికే కట్టి, ఫోన్లో 'చిన్ని' అని పేరు రాశాను. చీకటి మూలనున్న దాన్ని అక్క ఎప్పుడూ దగ్గరికెళ్ళి చూడలేదు, ఫోన్లోనే చూసుకునేది.

మర్నాడు మధ్యాహ్నం రేకుల మీద వాన పడుతుంటే ఫోను మోగింది. చిన్ని ఒళ్ళు వెచ్చగా ఉంది. చిన్ని కదులుతోంది. చిన్ని ఆరోగ్యం బాగుంది. కళ్ళున్నచోట దారం కుట్లు మాత్రమే ఉన్న ఆ మొహం వైపు చూశాను. చదువుకున్నవాళ్ళ మిషను అబద్ధం చెబుతుందా? అమ్మవారికి దీపం పెట్టి, బతికించినందుకు దండాలు పెట్టుకున్నాను. (నవ్వకండి.) తల్లి నాకుడుకీ, ఆనుకుని పడుకోవడానికీ బెల్టు వేడెక్కుతోందని తర్వాత గ్రహించి నా మీద నేనే నవ్వుకున్నాను. కానీ ఒకరోజు కాక కాటుకను కడగడానికి బయటికి తోలుకెళ్ళాడు. మిగతావన్నీ అవతలి వరసలో ఉన్నాయి. నా చేతిలో ఫోను మోగింది. చిన్ని కదులుతోంది. తలెత్తాను. గడ్డిదుడ్డె ఉన్నచోటే ఉంది. గాలి లేదు. బెల్టు కొస మాత్రం అటూ ఇటూ ఊగుతోంది. వీపు తిప్పకుండానే వెనక్కి నడిచి బయటపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే అనకూడని ఆ మాట అనాలి కదా!

నెలాఖరుకు పాల కంపెనీ సారు వచ్చాడు. "అన్నిట్ల మంచిగున్నదేది?" అని అడిగాడు. అక్క ఫోను చూసి, "చిన్ని సార్. ఒక్కరోజు కూడ నలత లేదు" అంది గర్వంగా. నేను నోరు తెరిచేలోపే ఆయన చీకట్లోకి నడిచి దాని వీపు మీద చేయి వేశాడు. చేయి లోపలికి దిగింది. కుట్టు విడిపోయి, పిడికెడు గడ్డి వేళ్ళకు అంటుకొచ్చింది. "అరె బాప్‌రే! ఏందిది? ఇది సచ్చి..."

"సార్, గా మాటొద్దు!" అని అరిచాను. అక్క నా వైపు తిరిగింది. "తల్లి ఇంటదక్కా" అని గొణిగాను.

తప్పు ఈ పిల్లది, మిగతా ఎనిమిదీ సరైనవే అని ఆమె ఒక్క ముక్క అంటే చాలు, గది నిలిచేది. సారు గొంతు పెంచాడు. "బతికిందేదో సచ్చిందేదో తెల్వని మిషను నాకేం పని?" అక్క వెళ్ళి కాటుక చెవులు రెండూ అరచేతులతో మూసింది. "మెల్లగ సార్. బయటికి పోయి మాట్లాడుదాం. ఈమెకింకా తెల్వదు."

బయట ఎక్కువ మాట్లాడుకోలేదు. ఆయన కారెక్కాడు. వారంలో అక్క గది ఖాళీ చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే పెద్ద ఆరిందాలా, "ఫికర్ జెయ్యకు అక్కా, ఇంకో దుకాణం పెడుదువు తియ్" అని ఓదార్చాను. ఆమె నవ్వి తల నిమిరింది. ఇప్పుడు ఆ యూనివర్సిటీలో అలాంటి గదులు వరసగా ఉన్నాయట. పశువుల మిషన్లు చేసే పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి, సలహా అడుగుతారు. బడి మొహం చూడని నన్ను! అంత పెద్ద తప్పు చేసి, అంత తేలిగ్గా ఓదార్చిన ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది. అక్క ఎక్కడుందో తెలియదు. మీరు చేతులు జోడించినప్పుడు నాకోసం ఆమెను ఒక్కసారి తలచుకోండి. పేరు అక్కర్లేదు. బర్రె చెవులు మూసిన అక్క అంటే దేవుడికి తెలుస్తుంది.