ఇన్నాసి తాత రాయి మీద ఫ్రెంచి ఓడ

సమాధుల పండుగనాడు మా ఊళ్ళో ఎవరి సమాధి దగ్గర వాళ్ళు కొవ్వొత్తులు వెలిగిస్తారు. సమాధి లేనివాళ్ళ కోసం శ్మశానం మధ్యలో ఉన్న పెద్ద సిలువ కింద పెడతారు. ఎనభై దాటిన మా నాయనమ్మ తన తాత ఇన్నాసి కోసం చిన్నప్పటినుంచీ అక్కడే వెలిగిస్తోంది. ఆయన యానాం పోయి, ఫ్రెంచి యుద్ధనౌకలో బొగ్గు వేసే పనికి కుదిరి, సముద్రంలోనే చనిపోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. తాను పోయేలోగా ఆయనకంటూ ఒక రాయి నిలబెట్టాలని నాయనమ్మ పట్టుపట్టింది. ఫాదర్ గారు సరేనన్నారు. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని కనుక ఓడ సంగతి తేల్చే పని నా మీద పడింది.

చానాళ్ళు వెతికాను. గత శతాబ్దం మొదట్లో ఫ్రెంచివాళ్ళు కట్టిన స్పాహి తరగతి డిస్ట్రాయర్లు అనే యుద్ధనౌకలు బొగ్గుతో నడిచేవి. వాటి తర్వాత వచ్చిన బూక్లియే తరగతి చమురుకు మారింది. ఇంటి మాట నిజమైతే ఆయన ఎక్కింది స్పాహి తరగతి ఓడ కావచ్చు. కావచ్చు, అంతే. ఆయన పేరు నాకెక్కడా దొరకలేదు. అయినా రాయి మీద చెక్కించడానికి ఆ తరగతి ఓడ ఫొటో ఒకటి ప్రింటు తీయించుకుని నాయనమ్మతో బయలుదేరాను.

నడికుడిలో ఉదయం రైలెక్కి, ఎండ ముదరకముందే మాచర్లలో దిగాం. రాళ్ళు చెక్కే మస్తాన్ గారి షెడ్డుకి షేర్ ఆటోలో మనిషికి ఇరవై రూపాయలు. ఆయన ఫొటో చూస్తూ చిన్న నాపరాయి పలక మీద సుద్దతో ఓడ గీశాడు.

"సూడు మామ్మా, నీ ఓడ. వంకర పోతే తిట్టమాక, నేను పడవ కూడా ఎక్కినోణ్ణి కాదు" అని నవ్వాడు.

నాయనమ్మ వంగి చూసింది. "చానా బాగుంది గానీ, ఇందులో మా తాత ఏడుంటాడే?" అని నన్నడిగింది.

"కింద, నాయనమ్మా. బాయిలర్ల దగ్గర."

"కిటికీ ఏది?"

"అక్కడ కిటికీలుండవు."

 నాయనమ్మ కొంగుతో ఓడను తుడిచేసింది.

"ఏంది మామ్మా, అంత కష్టపడి గీస్తే!" అన్నాడు మస్తాన్.

"ఆయన్ని మళ్ళీ దాంట్లో పెట్టమాక నాయనా. ఇన్నాళ్ళకి బయటికి రానీ. పేరొక్కటే చెక్కు, పెద్దగా."

మధ్యాహ్నానికి పేరు చెక్కడం అయిపోయింది. ఆ ఓడల వేగమెంతో, ఫిరంగులెన్నో నాకు నోటికొచ్చు. వాటి పొయ్యిలో బొగ్గు వేసినవాళ్ళు గాలి ఎక్కడ పీల్చుకునేవారో మాత్రం ఎక్కడా చదివిన గుర్తు లేదు. ఏ ఓడో తెలిస్తే మనిషి దొరికినట్టేనని అనుకుంటూ వచ్చాను. తిరుగు రైల్లో నాయనమ్మ ఒడిలో ఆ రాయి ఉంది. దాని మీద రుజువు లేని మాట ఒక్కటీ లేదు. చదవడం రాని ఆమె ఒక్కో అక్షరం గాడిలో వేలు పెట్టి, ఇదేంటి, ఇదేంటి అని నన్నడుగుతూనే ఉంది.

ఇలాంటి పని మీద మాచర్ల వెళ్ళేవారికి ఒక్క మాట: ఉలి పెట్టకముందే సుద్ద గీత వేయించి, ఆ రాయి కావాలని అడిగినవాళ్ళకు చూపించండి.