ఒత్తి రాసిన పుస్తకం

"పెన్నుతో రాస్తే వచ్చే ఏడు ఆ పుస్తకం ఎవరికి పనికొస్తుందిరా?"

"ఏడో తరగతిలో పెన్సిలేంటమ్మా? క్లాసులో అందరూ నవ్వుతున్నారు. అయినా వాళ్ళ పుస్తకం వాళ్ళు కొనుక్కోవచ్చుగా?"

హాల్లో తల్లీకొడుకులు వాదించుకుంటుంటే, వంటింటి వెనక గచ్చు మీద కూర్చుని పళ్ళాలు తుడుస్తున్న పిల్ల చెయ్యి ఆగిపోయింది. పక్కనే తోముతున్న వాళ్ళమ్మ చెయ్యి ఆగలేదు. మూకుడు అడుగున పట్టిన మాడు మీద పీచు ఇంకాస్త గట్టిగా రుద్దింది. అంట్లు తోమే మనిషికి చెవులుండకూడదని ఆమె ఎప్పుడో నేర్చుకుంది. పిల్ల ఇంకా నేర్చుకోలేదు. చివరికి అమ్మగారి గొంతు విసిగిపోయి, "నీ ఇష్టం, నాకు ఓపిక లేదు" అనడం కూడా వినేసింది.

ఆ పిల్లను బళ్ళో 'రబ్బరు' అంటారు. అమ్మగారి అబ్బాయి ఆమెకన్నా ఒక తరగతి పైన. వాడు రాసేసిన వర్క్‌బుక్కులు ఏటా వేసవిలో ఆమెకు వస్తాయి. జవాబులన్నీ చెరిపేస్తే పుస్తకం మళ్ళీ కొత్తది, అదీ లెక్క. మూడో తరగతి నుంచి ఆమె సెలవులన్నీ ఆ చెరపడానికే సరిపోయాయి. నిచ్చెన మీంచి పడి నడుం పోగొట్టుకున్న నాన్న, ఒకప్పుడు గోడలకు రంగులేసినవాడు, మంచం మీద పడుకునే పేజీల మీది పొట్టు ఊదేవాడు. "నాకూ ఒక ఉద్యోగం దొరికింది, జీతమే లేదు" అనేవాడు. రబ్బరు అరిగిపోతే మెత్తటి రొట్టె ముక్కతో రుద్దేది. ఆ ముక్క నల్లబడకముందే తమ్ముడు నోట్లో వేసుకునేవాడు.

అసలు చిక్కు ఆ అబ్బాయి చేతితో. వాడిది రాయడం కాదు, దున్నడం. అక్షరం చెరిగినా దాని గుంట మాత్రం కాగితంలో ఉండిపోయేది. ఈమె పెన్సిలు ఎటు పోదామన్నా, బండి చక్రం గాడిలో పడ్డట్టు పోయి పోయి ఆ గుంటలోనే పడేది. తిమింగలం చేప కాదని ఆమెకు తెలుసు. అయినా కిందటేడు వాడు చేప అని రాసినచోట ఈమె కూడా చేప అనే రాసింది. ఎవరిది చూసి రాశావని టీచరు పీరియడంతా నిలబెట్టింది. ఏం చెప్పాలి? పక్కవాళ్ళది చూడలేదు. నిరుటి మనిషిది చూసింది.

అయినా పుస్తకమంటూ ఒకటి ఉండేది. అది లేనివాళ్ళను ఆ బళ్ళో తరగతిలోకి రానివ్వరు. తన బెంచీలో కూర్చునే పిల్ల పుస్తకం లేక బడి వరండాలో నెల్లాళ్ళు నిలబడింది. ఇప్పుడు బడి మానేసి అట్టపెట్టెలకు జిగురు రాస్తోంది.

ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. సగం దారిలో అమ్మ, పొయ్యి మీద నీళ్ళు పెట్టమని చెప్పినంత మామూలుగా, "వచ్చే ఏడు నాతో వచ్చెయ్యవే. పైమేడావిడ ఎప్పట్నుంచో మనిషి కావాలంటోంది" అంది. పిల్ల తలూపింది. కాదనడానికి చేతిలో ఏదైనా ఉండాలిగా. ఆ తలూపడం చూసి అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. నానిపోయి ముడతలు పడ్డ అమ్మ చెయ్యి చల్లగా తగిలింది. ఇంకో ఏడాదికి తన చెయ్యీ ఇలాగే ఉంటుందని పిల్లకు అనిపించింది.

మర్నాడు అమ్మ ఆరిన బట్టలు తేవడానికి డాబా మీదికి వెళ్ళగానే, పిల్ల పళ్ళెం కింద పెట్టి, చేతులు గౌనుకు తుడుచుకుని హాల్లోకి వచ్చింది. చేతిలో మంచినీళ్ళ గ్లాసు లేకుండా ఆ గడప దాటడం అదే మొదటిసారి. అబ్బాయి బల్ల ముందు కూర్చున్నాడు. పెన్ను మూత తీసి ఉంది. పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

"ఏంటి, మా అమ్మ పిలుస్తోందా?" అన్నాడు.

కాదని తల అడ్డంగా ఊపింది. "అన్నా, ఈ ఒక్క పుస్తకం పెన్సిలుతో రాయవా? పెన్సిళ్ళు రోజూ నేను చెక్కి పెడతా."

వాడు పెన్ను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. ఎలాగూ నోరు విప్పింది కదా, పిల్ల మిగిలింది కూడా అడిగేసింది.

"తప్పులు రాసినా పర్లేదు, నేను దిద్దుకుంటా. ఒత్తి మాత్రం రాయకు."