ఆవగింజంత కప్పీ

ఆవిడ నోట రోజుకు ఎన్నిసార్లు ‘ఛీ’ అనే మాట వచ్చేదో లెక్కపెట్టినవాళ్లు లేరు. జిగురు సీసా మూత బిగుసుకుపోతే ఛీ, ఎవరో తాగిన టీ గ్లాసు తన బల్ల మీద పెడితే ఛీ, బొమ్మ ఓడలకని కొట్లో అచ్చుపోసి అమ్మే ప్లాస్టిక్ నిచ్చెనలను చూస్తే మూడింతల ఛీ. ఓడల నమూనాలు చేసే ఆ వర్క్‌షాపులో ఆవిడను ‘చీమలక్క’ అనేవారు, చీమలు కాపురం పెట్టుకోదగ్గ సామాను చేస్తుందని. అయిపోయిన పెన్ను రీఫిల్లు ఆవిడ చేతిలో పొగగొట్టమయ్యేది. జడపిన్ను రెయిలింగయ్యేది. మాత్రలు చుట్టి వచ్చే రేకు కిటికీ చట్రమయ్యేది. అన్నావదినల ఇంట్లోనే ఉండేది.

“నేను ఊడ్చిన చెత్తను కూడా మా ఆడపడుచు తిరగేసి చూస్తే గానీ బయట పారేయడానికి లేదు,” అని వదిన నవ్వేది.

అన్న జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చే ఓడలో పనివాడు. ఆ ఓడ కంపెనీయే తమ హాల్లో పెట్టుకోవడానికి దాని నమూనా చేయించుకుంటోంది. లైఫ్‌బోటు దించే కప్పీ ఎలా తిరుగుతుందో అన్న భోజనాల బల్ల దగ్గర దారప్పోగుతో చూపించాడు. కదలకుండా అతికించి పారేసినా అడిగేవాళ్లు లేరు. కానీ చీమలక్కకు మనసొప్పలేదు. ఇత్తడి తునకను ఆకురాయితో అరగదీసి, ఆవగింజంత కప్పీ చేసి, దానికి పట్టుదారం వేసింది. వేలితో తాకితే చాలు, చిన్ని పడవ జర్రున దిగేది.

ఆ తర్వాత కొన్నాళ్లకే అసలు ఓడలో లైఫ్‌బోటు దించే డ్రిల్లు జరిగింది. అసలు పడవ మాత్రం దిగలేదు. తనిఖీ వస్తోందంటే కంపెనీవాళ్లు కప్పీలకు నూనె పెట్టించే బదులు రంగు కొట్టిస్తారు. పూత మీద పూత పడి కప్పీ బిగుసుకుపోయింది. అన్న చేత్తో లాగబోతే తాడు ఒక్కసారిగా జారి, కుడిచేతి వేళ్లు రెండు నలిగిపోయాయి. కంపెనీ ఏమందో తెలుసా? యంత్రం లక్షణంగా ఉంది, మనిషే ఒళ్లు దగ్గర పెట్టుకోలేదంది. విచారణ కమిటీ కూడా అదే నిజమంటే అన్న ఉద్యోగం పోతుంది, చేతకానివాడన్న పేరు మిగులుతుంది. ఇక కమిటీ వచ్చేలోగా ఓడను మరమ్మతుకు పంపించేసి, కప్పీలన్నీ గుట్టుగా మార్పించేశారు.

చీమలక్కకు అన్నం సయించలేదు. కట్టు కట్టిన ఆ చేతిని చూసినప్పుడల్లా కంపెనీని తలుచుకుని ‘ఛీ’ అనేది.

అలాంటి సమయంలో ఓడ కంపెనీ మేనేజరు వర్క్‌షాపుకు వచ్చాడు. మనిషికన్నా సెంటు వాసన ముందొచ్చింది. పడవను వేలితో దించాడు, ఎత్తాడు, మళ్లీ దించి తెగ మురిసిపోయాడు.

“భలే ఉందే! రేపు కమిటీకి ఇదే చూపిద్దాం. ఇంత సులువుగా దిగే పడవను దించలేకపోయాడంటే తప్పెవరిదో వాళ్లకే అర్థమవుతుంది.”

ఆ చేయి నలిగినవాడి చెల్లెలు తన ఎదురుగానే నిలబడి ఉందని ఆయనకు తెలియదు. పనివాళ్లకు అన్నదమ్ములుంటారని తోచే రకం కాదు. చీమలక్కకు ఆయన మీదే కాదు, తన వేళ్ల మీద కూడా అసహ్యం పుట్టింది. ఏ పనితనం చూసుకుని మురిసిపోయిందో దాంతోనే అన్న మెడకు ఉచ్చు బిగిస్తున్నారు. ఆ కప్పీని పీకి కాలికింద వేసి తొక్కేయాలనిపించింది. తొక్కితే వర్క్‌షాపు ఓనరు ఇంకోటి చేయిస్తాడు.

మేనేజరు కళ్లజోడు సవరించుకుని ఓడ మీదికి వంగాడు.

“ఇదేంటమ్మా, ఈ ముక్కొక్కటి పసుపుపచ్చగా కనిపిస్తోంది?”

“ఇత్తడి కప్పీ సార్. అది తిరగాలి కదా, అందుకే రంగు...”

“తిరిగేది తిరుగుతుందిలే, చూడ్డానికి బాగుండొద్దూ? పెద్దవాళ్లొస్తున్నారు. అంతా తెల్లగా మెరిసిపోవాలి. రెండు పూతలు వేసెయ్యి.”

చీమలక్క ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, మూసుకుంది.

“అలాగే సార్,” అంది.

సరిగ్గా రెండే పూతలు వేసింది. వేస్తున్నంతసేపూ ఆ తెలుపును చూడలేక పళ్లు బిగబట్టుకునే ఉంది. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు దారం తెగితే ముడివేయడానికి పనికొస్తుందని ఆవిడనూ కమిటీ ముందుకు తీసుకెళ్లారు. గది మూలన అన్న కూర్చుని ఉన్నాడు, కట్టు కట్టిన చేతిని తువ్వాలు కింద దాచుకుని. చెల్లెల్ని చూశాడు. ఆవిడ చేతుల్లోని ఓడను చూశాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“చూడండి మేడమ్, పసిపిల్లలైనా దించగలరు,” అంటూ మేనేజరు కమిటీ పెద్దావిడ ముందు పడవ మీద వేలు పెట్టాడు.

దిగలేదు. గట్టిగా నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కేసరికి దారం పుటుక్కున తెగి, పడవ ఊడి బల్ల మీద బోర్లా పడింది.

“నిన్న బాగానే దిగింది మేడమ్. నేనే స్వయంగా దించాను.”

“మరి ఇవాళేమైంది?” అందావిడ.

మేనేజరు చీమలక్క వైపు ఉరిమి చూశాడు. “ఏం చేశావమ్మా దీన్ని?”

“మీరు చెయ్యమన్నదే సార్,” అంది చీమలక్క. “రంగేశాను.”